షుగర్ అదుపులో లేకపోతే తప్పు నోటిదేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మగారికి 8 ఏళ్లుగా షుగర్ ఉంది. చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ "నోరు కట్టుకోవడం లేదు" అని మందలింపు తిని వస్తున్నారు. మీకు 34 ఏళ్లు, బట్టల షోరూమ్‌లో రోజుకు 12 గంటలు నిలబడి పనిచేస్తారు, ఈ మధ్య పరగడుపున చేయించుకున్న పరీక్షలో మీకు కూడా షుగర్ 112 వచ్చింది. ఆరోగ్యం మన చేతుల్లోనే ఉందా, లేక బతుకు పరిస్థితులే దాన్ని నిర్ణయిస్తాయా, రెండోదే నిజమైతే ఇక పథ్యాలు, నడకలు ఎందుకు అని అడిగారు.

ముందుగా సూటిగా చెబుతాను. ఏం తినాలి, ఎంత కదలాలి, మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది మనిషే తేల్చుకుంటాడు. కానీ తేల్చుకోవడానికి అతని ముందున్నవి ఏమిటన్నది కూలి, పనివేళలు, ఇంట్లో అతని స్థానం, ఊరి నీళ్లు తేలుస్తాయి. అందువల్ల మీ అమ్మగారి షుగర్ పెరగడానికి ఆమె నోటిని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం అన్యాయం. అలాగని పరిస్థితులు మారేదాకా చేయగలిగింది ఏమీ లేదనుకుంటే మీరు నష్టపోతారు, ఎందుకంటే 112 దగ్గర ఉన్న మనిషికి ఇంకా వెనక్కి మళ్లే దారి ఉంది.

నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలో మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ, ఆ తర్వాత ఒక ఏరియా ఆసుపత్రిలోనూ కలిపి 26 ఏళ్లు వైద్యుడిగా పనిచేశాను. తొలి పదేళ్లు నేను కూడా మీ అమ్మగారిని మందలించిన డాక్టరులాగే మాట్లాడేవాణ్ణి. నా పద్ధతి మార్చుకోవడానికి కారణమైన ఒక సంగతి ముందు చెబుతాను.

పత్తి ఏరే కూలికి వెళ్లే ఒకావిడ మూడు నెలలుగా మా దగ్గర ఉచితంగానే మాత్రలు తీసుకెళ్తున్నా, ఆమె షుగర్ 300 కిందికి దిగడం లేదు. స్వీట్లు తింటున్నావా, పండుగకు ఏం తిన్నావు అని పదిమంది ముందు గట్టిగా అడిగాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. ఆమె వెంట వచ్చిన ఆశా కార్యకర్త తర్వాత నాతో విడిగా అసలు విషయం చెప్పింది. ఆమె పొద్దున్న ఆరింటికి ఆటో ఎక్కి చేనుకు వెళ్లాలి, సద్ది తినేది పదకొండింటికి. మేమిచ్చిన గ్లిమెపిరైడ్ మాత్ర పొద్దున్నే వేసుకుని ఏమీ తినకుండా ఎండలో వంగి పత్తి ఏరితే షుగర్ ఉన్నట్టుండి పడిపోయి, చెమటలు పట్టి, కళ్లు తిరిగి రెండుసార్లు సాళ్లలో కూలబడిందట. కూలి కిలోల లెక్కన ఇస్తారు కాబట్టి కూలబడిన పూట కూలి కూడా పోయింది. ఆ తర్వాత ఆమె ఆలోచించుకుని, కూలి ఉన్న రోజుల్లో మాత్ర మానేసింది. అంటే నేను అవిధేయత అనుకున్నది ఆమె తన ప్రాణం కోసం తీసుకున్న జాగ్రత్త. మందు మార్చి, మెట్‌ఫార్మిన్‌ను సద్ది తిన్న తర్వాతా రాత్రి అన్నం తర్వాతా వేసుకోమన్నాను. రెండు నెలల్లో చాలా వరకు దారికి వచ్చింది. ఆమె తిండి మారలేదు, మనసు మారలేదు, మాత్ర వేళ మాత్రం ఆమె పనివేళకు కుదిరింది.

అప్పటి నుంచి ఏ రోగినైనా "ఏం తింటున్నారు" అని అడిగే ముందు "ఎన్ని గంటలకు తింటున్నారు, ఎవరు వండుతారు, మీరు ఎవరి తర్వాత తింటారు" అని అడగడం అలవాటు చేసుకున్నాను.

మనిషి ఎంపికకు అసలు చోటే లేని జబ్బులు కూడా ఉన్నాయని మా జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశంలో గరిష్ఠ పరిమితి. దానికి ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు తరాల తరబడి తాగి, వెన్ను వంగిపోయి, పళ్లు గారపట్టిన మనుషులను మర్రిగూడ వైపు ఊళ్లలో ఎందరినో చూశాను. వాళ్లలో ఎవరి అలవాటు చెడ్డది? పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) నల్గొండ పేరే పెట్టింది. అయినా ఇంటింటా రోజూ ఆ పని జరగడం కష్టం. కృష్ణా నీళ్లు కుళాయిల్లోకి వచ్చాకే కొత్త తరం పిల్లల ఎముకలు నిలిచాయి. వ్యాయామం చేయమనో, పాలు తాగమనో చెప్పి మేము ఎంతో కాలం గడిపాం. పోషణ బాగుంటే ఫ్లోరైడ్ దెబ్బ కొంత తగ్గేమాట నిజమే, కానీ జబ్బు తెచ్చింది నీళ్లు, తగ్గించింది కూడా నీళ్లే.

షుగర్ అంత సూటిగా ఒక వైపుకు తేలే జబ్బు కాదు. ఇందులో మన చేయి ఉంది, పరిస్థితుల చేయి ఉంది, రెండింటికీ అందనిది కూడా కొంత ఉంది. తల్లిదండ్రుల నుంచి వచ్చే వారసత్వం అటువంటిది. కడుపులో ఉన్నప్పుడు పోషణ చాలక తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు పెద్దయ్యాక షుగర్ ముప్పు ఎక్కువ. చిన్నపిల్లలకు, యువకులకు ఇన్సులిన్ తయారయ్యే కణాలే దెబ్బతిని వచ్చే మొదటి రకం షుగర్‌కు తిండితో సంబంధమే లేదు కాబట్టి, అటువంటి బిడ్డ ఉన్న ఇంట్లో "చాక్లెట్లు తినిపించారు" అని తల్లిని అనడం క్రూరత్వం. నేను ఇక్కడ మాట్లాడుతున్నది పెద్దలకు వచ్చే రెండో రకం గురించి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే అంచనా ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్ల మంది, మీలాగా దాని గడపలో ఉన్నవారు 13.6 కోట్ల మంది. ఇన్ని కోట్ల మంది ఒకే తరంలో నోటి మీద అదుపు కోల్పోయారనుకోవడం నాకు నమ్మశక్యంగా లేదు. మారింది మన చుట్టూ ఉన్న పని, తిండి, ప్రయాణం.

అన్నం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో గొడవంతా అక్కడే. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చినప్పుడు నేను చదువుకుంటున్నాను. అది ఎన్ని కడుపులు నింపిందో కళ్లారా చూసినవాణ్ణి గనుక దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ బియ్యం చవకగా, నికరంగా ఇంటికి చేరినంతగా పప్పు, కూరగాయలు, గుడ్లు చేరలేదు. జొన్న గటక, జొన్న రొట్టె తినే మా ప్రాంతంలో ఒక్క తరంలోనే మూడు పూటలా తెల్లన్నం అయింది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ మీద సన్న బియ్యం ఇస్తున్నారు. తినలేక అమ్ముకునే బియ్యానికి బదులు తినగలిగే బియ్యం రావడం మంచిదే, అయితే బాగా పాలిష్ పట్టిన బియ్యం దొడ్డువైనా సన్నవైనా షుగర్ విషయంలో పెద్ద తేడా లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం మించకుండా చూసుకోమన్నారు. నెలాఖరున డబ్బాలో బియ్యం తప్ప ఏమీ లేని ఇంటికి ఈ 45 శాతం ఎలా కుదురుతుంది? అన్నం తగ్గించమంటే ఆ ఇంట్లో దాని అర్థం ఆకలితో పడుకోమని.

ఇక్కడ మీకు కొంచెం కష్టం కలిగించే మాట చెబుతున్నాను, మన్నించండి. మన ఇళ్లలో ఆడవాళ్ల కంచాన్ని నిర్ణయించేది వాళ్ల నోరు కాదు, గిన్నెలో మిగిలింది. మీరు ఇంటికి పెద్ద కొడుకునని రాశారు. షోరూమ్ నుంచి రాత్రి పదిన్నరకు వస్తారు, అమ్మ అప్పటిదాకా తినకుండా కూర్చుంటారు, పప్పూ కూరా మీకూ తమ్ముడికీ వడ్డించాక అడుగున ఉన్న కాస్త చారుతో, పచ్చడితో పొద్దుటి అన్నం కూడా పారేయలేక కలుపుకుని తింటారు. మీరు ఈ వివరం రాయలేదు, కానీ నేను ఇలా అడిగిన ఇళ్లలో పదింట ఎనిమిదింటిలో ఇదే విన్నాను. రాత్రి పదకొండింటికి కూర లేకుండా రెండు పళ్లాల అన్నం తిన్న మనిషికి పొద్దున్న పరగడుపున షుగర్ 180 ఉండటంలో వింత లేదు, దానికి ఆమె జిహ్వచాపల్యం కారణం అసలే కాదు.

మగ్గం నేసేవాళ్లను చూసి నేను ఇంకొక విషయం నేర్చుకున్నాను. ఆసు పోసే, అంటే చీర నేయడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో చుట్టే, స్త్రీలు భుజం నొప్పితో మా దగ్గరికి వరుసగా వచ్చేవాళ్లు. ఒక చీరకు సరిపడా ఆసు పోయాలంటే చేయిని దాదాపు 9,000 సార్లు ఇటూ అటూ ఆడించాలి. మేము మాత్రలు, పూత మందులు, వ్యాయామాలు రాసిచ్చేవాళ్లం, ఆమె ఇంటికి వెళ్లి మళ్లీ ఆసు పోసేది. అదే ప్రాంతంలో, ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి పడే బాధ చూడలేక, 1999లో లక్ష్మి ఆసు యంత్రం తయారుచేశారు. యంత్రం చేరిన ఇళ్ల నుంచి భుజం నొప్పితో మా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. వైద్యుడిగా నేను రాసిచ్చిన ఏ చీటీ కూడా ఆ యంత్రమంత పని చేయలేదని మనస్ఫూర్తిగా చెప్పగలను.

ఇంతదాకా చదివి మీరు, అయితే నా చేతిలో ఏమీ లేదన్నమాట అనుకోకండి. మనిషి తన అలవాట్లు మార్చుకుంటే షుగర్ రాకుండా ఆపగలడనడానికి గట్టి ఆధారాలున్నాయి. అమెరికాలో షుగర్ గడపలో ఉన్న 3,234 మందిపై జరిగి 2002లో ఫలితాలు వచ్చిన పరిశోధనలో, బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో 31 శాతమే తగ్గింది. మన చెన్నైలో జరిగి 2006లో ఫలితాలు వచ్చిన పరిశోధనలో తిండి, నడక మార్చుకున్నవారిలో ఆ అవకాశం 28.5 శాతం తగ్గింది. మన దేశంలో తగ్గుదల తక్కువే అయినా అది నిజమైన తగ్గుదల.

అయితే ఆ 58 శాతం ఎలా వచ్చిందో కూడా చూడాలి. తిండి, నడక మార్చుకునే బృందంలోని ప్రతి ఒక్కరికీ ఒక సలహాదారును కేటాయించి, మొదటి ఆరు నెలల్లో 16 సార్లు కూర్చోబెట్టి నేర్పించారు, ఎక్కడ తడబడుతున్నారో అడిగి తెలుసుకున్నారు. "రోజూ నడవండి" అని ఒక్క ముక్క చెప్పి పంపేయలేదు. మన ఓపీలో ఒక మనిషికి దొరికేది మూడు నిమిషాలు. వాళ్లకు దొరికిన ఆసరా ఇవ్వకుండా వాళ్లకు వచ్చిన ఫలితం రాలేదని మన రోగిని తిట్టడం ఏం న్యాయం?

పని గురించి కూడా ఒక మాట. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం గురించి చాలామంది వైద్య విద్యార్థులు చదువుతారు. వాళ్లెవరూ కటిక పేదలు కారు, అందరికీ నెల జీతం, ఉచిత వైద్యం ఉన్నాయి. అయినా అట్టడుగు హోదాలో ఉన్నవారు గుండెజబ్బుతో చనిపోవడం పైహోదాలో ఉన్నవారికంటే మూడు రెట్లకు పైగా కనిపించింది. పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్ వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో కొంత భాగానికే కారణం దొరికింది. ఆ అధ్యయనంలో పనిచేసిన పరిశోధకుడు మైకేల్ మార్మట్ బృందం తర్వాత చేసిన పనిలో, తన పని మీద తనకు ఎంత అదుపు ఉందన్నది గుండె ఆరోగ్యానికి ముఖ్యమని తేలింది. ఎప్పుడు కూర్చోవచ్చో, ఎప్పుడు తినవచ్చో, ఎప్పుడు మూత్రానికి వెళ్లవచ్చో ఇంకొకరు నిర్ణయించే పనిలో ఉన్న మీకు ఇది వేరే వివరించాల్సిన పని లేదు. బట్టల షాపుల్లో పనిచేసే ఆడపిల్లలు మూత్రానికి వెళ్లనివ్వరని పగలంతా నీళ్లు తాగకుండా ఉండి మూత్రంలో ఇన్‌ఫెక్షన్లతో రావడం నేను చాలాసార్లు చూశాను. కేరళలో అమ్మకాల సిబ్బందే పోరాడగా 2018లో షాపుల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చారు, 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. కూర్చోవడానికి ఒక స్టూలు ఉండాలా వద్దా అన్నది నా దృష్టిలో వైద్య విషయమే.

ఒంటరిగా ఎంచుకోలేనిదాన్ని పదిమంది కలిసి ఎంచుకోవచ్చుననడానికి మనకు దూబగుంట ఉంది. తాగే భర్తను ఒక్క భార్య ఆపలేకపోయింది. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణాన్నే ఆపేశారు. అది రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు గనుక అదంతా వృథా అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఊరి నడిబొడ్డున సారా దుకాణం లేని పగలు, దాని ముందు నుంచే ఇంటికి వెళ్లాల్సిన కూలివాడికి చాలా పెద్ద సాయం.

ఇప్పుడు మీ ఇంటి విషయానికి వస్తాను.

అమ్మగారికి కూర ముందే తీసి పెట్టండి. వండగానే ఆమె వాటా పప్పు, కూర వేరే గిన్నెలో పెట్టి మూత వేయాలి. ఆ పని ఆమె చేయరు, మీరో తమ్ముడో చేయాలి. మీ కోసం ఎదురుచూడకుండా రాత్రి ఎనిమిదింటికల్లా తినేలా ఒప్పించండి. మొదట వినరు, "వాడు రాకుండా నాకెలా దిగుతుంది" అంటారు. అప్పుడు మీరు, నాకోసం కూర్చుంటే నేనే నీకు షుగర్ పెంచుతున్నట్టు అని చెప్పండి. నేను చూసిన ఇళ్లలో ఈ ఒక్క మార్పుతో వచ్చినంత ఫలితం ఏ పథ్యం కాగితంతోనూ రాలేదు. అన్నం పూర్తిగా మాన్పించకండి. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పు లేదా గుడ్డు, పావు వంతు అన్నం ఉండేలా మెల్లగా తీసుకురండి. మొదట పప్పూ కూరా తిని అన్నం చివర కలుపుకుంటే భోజనం తర్వాత షుగర్ పెరగడం కొంత తగ్గుతుంది. డబ్బు ఇబ్బంది ఉన్న వారంలో గుడ్లు, శనగలు, పెసలు, తోటకూర చాలు. ఖరీదైన చిరుధాన్యాల పొట్లాలు కొనలేకపోయామని బాధపడనక్కర్లేదు. రేషన్ బియ్యంతో పాటు నెలకు రెండు కిలోల జొన్నలు పట్టిస్తే రాత్రిపూట అమ్మగారి రొట్టెకు సరిపోతాయి.

మాత్రలు మాత్రం మీ అంతట మీరు తగ్గించవద్దు, మానవద్దు. కళ్లు తిరగడం, చెమటలు, చేతులు వణకడం ఉంటే ఏ వేళ జరుగుతోందో రాసుకుని డాక్టరుకు చూపించండి. 8 ఏళ్ల షుగర్ కాబట్టి ఏడాదికొకసారి కంటి పరీక్ష, కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు, పాదాల పరీక్ష తప్పనిసరి. ఆమె చెప్పులు లేకుండా తిరిగితే ముందు చెప్పులు కొనండి.

మీ విషయంలో, 112 అన్నది షుగర్ కాదు, గడప. 126 గానీ అంతకు మించి గానీ ఉంటేనే షుగర్ అంటాం, అది కూడా రెండోసారి పరీక్షలో నిర్ధారణ కావాలి. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. నడుము కొలత 90 సెంటీమీటర్లు దాటిందేమో చూసుకోండి. రోజంతా నిలబడే మనిషికి "నడక లేదు" అంటే కోపం వస్తుందని తెలుసు, కానీ నిలబడటం నడక కాదు, కాళ్ల నరాలు ఉబ్బడానికే అది దారి. రాత్రి పదిన్నరకు మైదానానికి వెళ్లమని నేను చెప్పను. మధ్యాహ్నం తిన్నాక పది నిమిషాలు, ఇంటికి వచ్చేటప్పుడు ఒక స్టాపు ముందే దిగి పది నిమిషాలు నడిస్తే వారంలో ఆరు పనిదినాలకు 120 నిమిషాలు అవుతుంది, సెలవు రోజు నడక దీనికి అదనం. షాపులో యజమాని ఇప్పించే చక్కెర టీ, సమోసా రోజుకు మూడుసార్లయితే ముందు అది తగ్గించండి. ఇవి మీ చేతిలో ఉన్నవి. స్టూళ్లు, భోజన విరామం, మూత్రానికి విరామం మీ ఒక్కరి చేతిలో లేవు. వాటిని మీరొక్కరే అడిగితే ఉద్యోగం మీదకు రావచ్చు కాబట్టి, నలుగురైదుగురు కలిసి, పండుగ సీజన్ రద్దీ లేనప్పుడు, కాగితం మీద రాసి అడగండి.

వచ్చేసారి అమ్మగారితో మీరు కూడా లోపలికి వెళ్లండి. మళ్లీ నోరు కట్టుకోవడం లేదన్న మాట వస్తే, వాదించకుండా, ఆమె నిద్ర లేచే వేళ, మాత్ర వేసుకునే వేళ, అన్నం తినే వేళ, కంచంలో ఉన్నవి వారం రోజులు రాసిన కాగితం బల్ల మీద పెట్టండి. అటువంటి కాగితం ఎదుట ఉంటే ఏ మందు ఏ వేళకు మార్చాలో ఆ మూడు నిమిషాల్లోనే ఆలోచించవచ్చు. నా దగ్గరికి అలా తెచ్చినవాళ్లలో సగం మందికి నేను మార్చింది మాత్ర వేళను మాత్రమే.